స్త్రీ పాత్ర, స్త్రీ: మన నాటక చరిత్రలో ఒక వాక్యం

నాటక చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నేను చాలా ఏళ్ళుగా ఒక వాక్యం అలవాటుగా చెబుతూ వచ్చాను. "ఆ రోజుల్లో స్త్రీలు నటించేవారు కారు, అందుచేత స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు." ఈ వాక్యం నేను పుట్టించింది కాదు. మన నాటకరంగాన్ని గూర్చిన పుస్తకాల్లో, నటుల సంస్మరణ సంచికల్లో, సభల్లో అది ఏదో ఒక రూపంలో వినబడుతూనే వుంటుంది. విద్యార్థులు తలవూపేవారు. నేను స్థానం నరసింహారావుగారి కథలోకి దిగేవాణ్ణి.

ఒక ఏడాది నిజామాబాదు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పాఠం అయిపోయాక నా బల్ల దగ్గరకు వచ్చి, "మా అమ్మమ్మ ఆడేది సార్" అన్నది.

"ఏమి ఆడేది?" అన్నాను.

"చిందు. ఎల్లమ్మ వేషం కట్టేది. వాళ్ళమ్మ గూడ కట్టేదంట."

ఆమె నన్ను తప్పు పట్టలేదు. ఒక సంగతి చెప్పి వెళ్ళిపోయింది. కాని నా వాక్యం అక్కడే కూలింది. "స్త్రీలు నటించేవారు కారు" అన్నప్పుడు నా మనసులో వున్న స్త్రీలు ఎవరు? ఆ అమ్మాయి అమ్మమ్మ స్త్రీ కాదా? లేక ఆమె ఆడినది నాటకం కాదా? ఈ రెంటిలో ఏదో ఒకటి ఒప్పుకుంటే తప్ప నా వాక్యం నిలవదు. రెండూ ఒప్పుకోదగినవి కావు.

ఆ తర్వాత నేను చదివినదీ, ఆలోచించినదీ కలిపి ఇక్కడ చెప్పదలచాను. చెప్పవలసినది ఒక్కటే. మన రంగస్థలం మీద స్త్రీలు లేకపోవడం మొదటి నుంచీ వున్న స్థితి కాదు. అది ఒక కాలంలో, కొందరి చేత, కొన్ని కారణాల వల్ల జరిగిన పని. తొలగించడాన్ని లేకపోవడం అని వ్రాసుకున్నాం. ఆ తప్పులో నాకూ వాటా వుంది.

ఎవరు ఆడేవారు?

మొదట లెక్క చూద్దాం. తెలంగాణలో చిందు భాగవతం ఆడేవారు దళితులు. మాదిగ ఇండ్లను ఆశ్రయించుకొని ఊరూరా తిరిగి ఆడే కుటుంబాలు. ఆ మేళాల్లో ఆడవారు మగవారితో సమంగా వేషం కట్టారు. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ పేరు ఈనాడు అందరికీ తెలుసు. కాని ఆమెకు ముందు ఎందరు ఎల్లమ్మలు ఆడి వెళ్ళిపోయారో మన పుస్తకాల్లో లేదు.

జంగం కథ సంగతి తీసుకోండి. బుర్రకథకు అది తల్లి. సంప్రదాయంలో కథకుడికి వంత పాడినవారు తరచుగా అతని ఇంటి ఆడవారే.

ఇక సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు "కీచక వధ" ఆడించి ప్రారంభించిన ఆ సమాజం కుటుంబమే నాటక సమాజమైన వింత వ్యవస్థ. అక్కడ ఇంటి ఆడపిల్లలే నాయికలు. 1932లో వచ్చిన "భక్త ప్రహ్లాద" చిత్రంలో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఆ సమాజం బిడ్డే. తెలుగు సినిమాకు తొలి కథానాయిక దొరికినది గ్రామగ్రామాన గుడారాలు వేసుకొని తిరిగే పేద నాటకాలవారి దగ్గర.

చివరగా కళావంతులు. లోకం "భోగంవారు" అని నోరు చిట్లించి పిలిచిన స్త్రీలు. గోదావరి జిల్లాల కళావంతులు పదాలు, జావళీలు మాత్రమే అభినయించలేదు. భామాకలాపం, గొల్లకలాపం ఆడారు. సత్యభామ పాత్రను వారు తరతరాలుగా కట్టారు. దవేశ్ సోనేజీ అనే పరిశోధకుడు ఆ గ్రామాలకు వెళ్ళి, మిగిలిన వృద్ధ స్త్రీలతో కూర్చొని, వారి దగ్గర ఇంకా జ్ఞాపకంలో వున్న ఆటపాటలను విని 2012లో "అన్‌ఫినిష్డ్ జెస్చర్స్" అనే గ్రంథం ప్రకటించాడు. చావడి మూసి, తలుపు వేసుకొని, లోపల మాత్రమే పాడుకునే స్థితికి వచ్చిన ఒక విద్య ఆ పుస్తకంలో కనబడుతుంది.

ఇంతమంది ఆడుతూ వుండగా "స్త్రీలు నటించేవారు కారు" అనే మాట ఎలా పుట్టింది? "స్త్రీలు" అంటే అగ్రవర్ణాల గృహిణులనీ, "నాటకం" అంటే పట్టణాల్లో టిక్కెట్టు పెట్టి ఆడిన నాటకమనీ మనం అనుకున్నాం గనుక. మన వాక్యంలో కులమూ వున్నది, వర్గమూ వున్నది. రెండూ కనబడకుండా వున్నవి.

కొత్త రంగస్థలం

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన 1880లో మొదలయిందని సాధారణంగా చెబుతాం. ధార్వాడ నాటక సమాజం వచ్చి మన పట్టణాల్లో ఆడి వెళ్ళిన ఉత్సాహంలో, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు తమ "వ్యవహార ధర్మబోధిని"ని విద్యార్థుల చేత ఆడించారు. ఆ తర్వాత బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ, ఇంకా ఎన్నో ఊళ్ళలో ఎన్నో సమాజాలు. వీటిలో చేరినవారు ఎవరు? విద్యార్థులు, ఉపాధ్యాయులు, వకీళ్ళు, గుమాస్తాలు. ఇంగ్లీషు చదువుతో కొత్తగా తలెత్తిన మధ్యతరగతి. నాటకం వారికి వృత్తి కాదు, గౌరవమైన వినోదం, సంఘసేవ.

ఆ గౌరవం నిలబడాలంటే రెండు పనులు కావలసి వచ్చింది. తమ ఇంటి ఆడవారిని రంగం మీదికి తీసుకురాకూడదు. రంగమే వృత్తిగా వున్న ఆడవారిని దరి చేరనివ్వకూడదు. మొదటి పనిని పాత సంప్రదాయం చేసింది; రెండవ పనిని కొత్త సంస్కరణ చేసింది. ఈ రెంటి నడుమ ఖాళీగా మిగిలిన చోట పురుషుడు చీర కట్టుకొని నిలబడ్డాడు.

సంస్కరణను నేను తేలిక చేయడం లేదు. భోగం మేళాలను నిరసించిన వీరేశలింగంగారు ఊరి పెద్దమనుషుల నిద్ర చెడగొట్టిన మనిషి. ఆడపిల్లను పుట్టుకతోనే ఒక వృత్తికి కట్టివేసే ఆచారం దుర్మార్గమైనది. దాన్ని ఎదిరించడం ధర్మం. కాని 1893లో మద్రాసు హిందూ సంఘ సంస్కర్తలు మేజువాణీ జరిగే విందులకు హాజరు కావద్దని వైస్రాయికీ, గవర్నరుకూ విజ్ఞప్తి పంపినప్పుడు, ఆ మేజువాణీ ఆడి పొట్టపోసుకునే స్త్రీ రేపు ఏమి తింటుందన్న ప్రశ్నకు జవాబు అందులో లేదు. ఆమెను పిలిపించి ఆడించుకున్న జమీందారుకు శిక్షా లేదు.

ఈ చిక్కును కళ్ళు తెరచి చూసినవాడు గురజాడ. "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. మనం ఈనాడు చదివే రూపం 1909లో వచ్చింది. ఆ రూపంలో చివర మధురవాణి పురుష వేషం వేసుకొని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఏమంటే ఆ సంస్కర్త వేశ్యతో మాట్లాడడు. ఆమె ముఖం చూడననే మనిషికే ఆమె సాయం కావలసి వచ్చింది. మగవేషంలో వస్తే తప్ప ఆమె తెలివి ఆయన గుమ్మం దాటలేదు. ఆ మధురవాణి పాత్రను రంగం మీద ధరించి పేరు పొందినవారిలో స్థానం నరసింహారావుగారు ఒకరు. పురుషుడు స్త్రీ అయి, ఆ స్త్రీ మళ్ళీ పురుషుడయి, సంస్కర్త ఎదుట నిలబడింది. గురజాడ నాటకంలో వ్రాసిన వ్యంగ్యాన్ని మన రంగస్థలం తెలియకుండానే ఆడి చూపింది.

వేరే దారి లేదా?

అప్పటి సంఘంలో ఇంకో దారి లేదని ఒక వాదం వుంది. పక్క రాష్ట్రాల చరిత్ర ఈ వాదాన్ని ఒప్పుకోదు. కలకత్తాలో బెంగాల్ థియేటరు 1873లోనే నటీమణులను తీసుకున్నది. వారు వచ్చినది వేశ్యావాటికల నుంచి. వారిలో పెద్ద పేరు పొందిన బినోదిని స్టార్ థియేటరు నిర్మాణానికి తన జీవితాన్నే పణంగా పెట్టింది. కొత్త నాటకశాలకు ఆమె పేరు పెడతామన్నారు, చివరకు పెట్టలేదు. ఆ మోసాన్ని ఆమె స్వయంగా తన ఆత్మకథలో వ్రాసింది. నిండా పాతికేళ్ళు రాకముందే రంగాన్ని విడిచిపెట్టింది. 2024 డిసెంబరులో గాని పశ్చిమ బెంగాలు ప్రభుత్వం స్టార్ థియేటరుకు ఆమె పేరు పెడుతున్నట్టు ప్రకటించలేదు.

అంటే కలకత్తాలో నటీమణికి న్యాయం జరిగిందని కాదు. ఆమెను రానిచ్చారు, వాడుకున్నారు, పేరు ఇవ్వలేదు. మన దగ్గర పెద్ద సమాజాలు రానివ్వనే లేదు. రెండు చోట్లా అడ్డం వచ్చినది ఒకటే, ఆమె పుట్టుక. కాని రానిచ్చిన చోట ఆమె ఒక ఆత్మకథ వ్రాసి మిగిల్చింది. మనకు ఆ ఆత్మకథ కూడా లేదు.

మహారాష్ట్రలో మన దారే నడిచింది. బాలగంధర్వ చీర కట్టు, నగల తీరు చూసి ఉన్నత కుటుంబాల స్త్రీలు అనుకరించారని ప్రసిద్ధి. పార్సీ నాటకాల మీద పరిశోధన చేసిన కాథరిన్ హాన్సెన్ ఇక్కడ ఒక మంచి సూత్రం అందించింది. స్త్రీ వేషధారి కేవలం లేని స్త్రీకి బదులు కాదు; గౌరవనీయ స్త్రీ ఎలా నడవాలి, ఎలా నవ్వాలి, ఎలా సిగ్గుపడాలి అన్నదానికి ఒక నమూనా తయారు చేసినవాడు. తర్వాత స్త్రీలు రంగం మీదికి వచ్చినప్పుడు ఆ నమూనాలోనే ఇమడవలసి వచ్చింది.

స్థానంవారి శ్రమ

ఇంతవరకు చదివిన మిత్రులు నేను స్థానంవారిని చిన్నబుచ్చుతున్నానని అనుకోవచ్చు. కాదు. 1902లో బాపట్లలో పుట్టి, 1920లో "హరిశ్చంద్ర" నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే అనుకోకుండా ఆ వేషం కట్టి, ఆ తర్వాత తెనాలి రామవిలాస సభలో సత్యభామగా, చిత్రాంగిగా, దేవదేవిగా ఆంధ్రదేశాన్ని ఊపినవాడు ఆయన. సహజంగా అబ్బిన అందమూ, గొంతూ కాదు ఆయన పెట్టుబడి, పరిశీలన, సాధన. తన నటజీవితాన్ని "నటస్థానం"లో ఆయనే చెప్పుకున్నారు. ఒక సత్యభామ నడక వేరు, ఒక దేవదేవి నడక వేరు అని శరీరానికి నేర్పించడం కఠినమైన పని. శ్రామికుణ్ణి గౌరవించే మనం ఆ శ్రమను గౌరవించకపోతే ఎలా?

పైగా ఆ శ్రమలో ఒక సత్యం దాగివుంది. స్త్రీత్వం పుట్టుకతో వచ్చే పదార్థమైతే, బాపట్ల కుర్రవాడు దాన్ని నేర్చుకోలేడు. ఆయన నేర్చుకోగలిగాడంటే, మన ఇళ్ళలో ఆడపిల్లలు కూడా దాన్ని నేర్చుకుంటున్నారన్నమాట. ఆయన పదిమంది ముందు, దీపాల వెలుగులో, చప్పట్ల మధ్య నేర్చుకున్నాడు. వారు వంటింట్లో, దెబ్బల మధ్య నేర్చుకున్నారు. స్త్రీపురుష భేదం సంఘం తయారు చేసినదని ఈనాటి విద్వాంసులు పెద్ద గ్రంథాల్లో నిరూపిస్తున్న మాటను మన పద్యనాటకం ప్రతి రాత్రీ నిరూపించింది. కాని చూసి వచ్చిన మగవాడు ఇంటికి వెళ్ళి భార్యను సత్యభామలా వుండమన్నాడు గాని, ఆ సత్యభామ మగవాడని గుర్తు చేసుకోలేదు.

మగవాడికి ఆడవేషం వేసుకోవడమూ, తీసివేయడమూ రెండూ చేతిలో వున్నవి. గుడివాడ ప్రాంతపు రైతుబిడ్డ అక్కినేని నాగేశ్వరరావు స్త్రీ పాత్రలతో రంగప్రవేశం చేసి, వాటిని వదలి సినిమా నాయకుడయ్యాడు. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు "రాచమల్లు దౌత్యం"లో నాగమ్మ పాత్ర ఇస్తే, నందమూరి తారకరామారావు మీసం తీయనని పట్టుబట్టి మీసంతోనే ఆడి "మీసాల నాగమ్మ" అనిపించుకున్నాడు. నవ్వుకునే కథే ఇది. కాని కళావంతుల ఇంటిలో పుట్టిన పిల్లకు "నేను ఈ వేషం వేయను" అనే హక్కూ లేదు, "వేస్తాను, గౌరవం ఇవ్వండి" అనే హక్కూ లేదు.

ఇద్దరు సత్యభామలు

ఇక్కడ అసలు విషయానికి వస్తాను. ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సంస్కృతి, సాహిత్యం బోధించే హర్షిత మృత్యుంటి కామత్ 2019లో "ఇంపర్సొనేషన్స్" అనే పుస్తకం ప్రచురించింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మన విద్యార్థులు తప్పక చదవాలి. కూచిపూడి గ్రామంలో బ్రాహ్మణ పురుషులు సత్యభామ వేషం కట్టే సంప్రదాయాన్ని ఆమె తీసుకున్నది. ఆ గ్రామంలో పుట్టిన ప్రతి బ్రాహ్మణ పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడని ఐతిహ్యం. పురుషుడు స్త్రీ వేషం కడితే అతని పురుషత్వం తగ్గుతుందని మనం అనుకుంటాం. కామత్ చూపినది ఇందుకు తలకిందులు. ఆ గ్రామంలో భామ వేషం బాగా కట్టగలగడమే బ్రాహ్మణ పురుషుడి అధికారానికి ముద్ర. వేదాంతం సత్యనారాయణశర్మగారి కీర్తి అందుకు పరాకాష్ఠ. అయితే ఆ ఇళ్ళలోనే వుండి, ఆ పాటలన్నీ చెవిన పడుతూ పెరిగిన ఆడవారు ఆడలేదు. ఆమె వారి దగ్గర కూర్చొని వారి మాట విన్నది. నా దృష్టిలో పుస్తకంలో అన్నిటికంటే విలువైన భాగం అదే.

ఇప్పుడు ఈ గ్రామం పక్కన గోదావరి కళావంతులను నిలబెట్టి చూడండి. అదే భామాకలాపం. అదే సత్యభామ. ఒక చోట ఆమెను కట్టినది బ్రాహ్మణ పురుషుడు, మరొక చోట కళావంతుల స్త్రీ. రాజ్యం ఈ ఇద్దరినీ ఏమి చేసింది?

1947 నాటి మద్రాసు దేవదాసీల చట్టం ఆడపిల్లలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించింది. అది మంచి పని. కాని అంతటితో ఆగలేదు. బోగం, కళావంతుల, సాని, నాగవాసులు, కూర్మాపులు అని మన తెలుగు కులాల పేర్లను పేర్కొన్నది. గుడి ఆవరణలో, దేవుడి ఊరేగింపులో స్త్రీ నాట్యం చేయడాన్ని చట్టవిరుద్ధం చేసింది. అదే దేవుడి ఎదుట పురుషుడు స్త్రీ వేషంలో ఆడితే చట్టానికి అభ్యంతరం లేదు. తొమ్మిదేళ్ళు తిరగకుండా, 1956లో, సత్యభామ పాత్రతో కీర్తి గడించిన స్థానంవారికి భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. బిరుదు తగినవానికే వచ్చింది. కాని సత్యభామను కట్టిన ఆడమనిషికి చట్టమూ, మగమనిషికి పద్మశ్రీయూ దక్కిన కాలాన్ని ఏమని పిలవాలి?

1958లో ఢిల్లీలో జరిగిన అఖిలభారత నృత్య సదస్సు తర్వాత కూచిపూడి శాస్త్రీయమా, కాదా అనే వివాదం లేచింది. 1959లో హైదరాబాదులో ప్రత్యేకంగా సదస్సు జరిపి, కూచిపూడిని ఆంధ్రుల శాస్త్రీయ నాట్యంగా నిలబెట్టే ప్రయత్నం చేశారు. కొత్త రాష్ట్రానికి ఒక కళ కావాలి. ఆ కళకు మచ్చలేని వంశవృక్షం కావాలి. బ్రాహ్మణ గ్రామం ఆ వంశవృక్షం ఇచ్చింది. కళావంతుల చావడి ఇవ్వలేకపోయింది. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలకు నేర్పారు. శోభానాయుడు వంటి మహానర్తకి సత్యభామగా దేశదేశాల్లో మన్నన పొందింది. స్త్రీ రంగం మీదికి తిరిగి వచ్చింది, సంతోషించవలసినదే. కాని ఏ స్త్రీలను దింపివేశారో, ఆ స్త్రీలకు ఆ పిలుపు రాలేదు.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. చట్టం కావాలని కోరినవారిలో ఆ కులపు స్త్రీలే వున్నారు గదా? వున్నారు. కళావంతుల కుటుంబంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం ఆ ఆచారం పోవాలని ఊరూరా తిరిగి ప్రచారం చేసింది. మరొక వైపు బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు తమ కళను వ్యభిచారంతో ముడిపెట్టవద్దని మద్రాసులో ఎదురు నిలిచారు. ఇద్దరూ నిజమే చెప్పారు. బంధనం తెంచాలి, విద్య మిగలాలి. భూస్వామ్య సంబంధాన్ని పెరికివేసేటప్పుడు అందులో చిక్కుకున్న మనిషి నైపుణ్యాన్ని, జీవనాధారాన్ని కాపాడడం సంస్కరణకు పరీక్ష. కల్లు మానిపించినవాడు గీతకార్మికుడికి వేరే బ్రతుకుతెరువు చూపాలని మనమే వాదిస్తాం. ఆటకత్తె విషయంలో ఆ వాదన మనకు గుర్తు రాలేదు.

మన ఇల్లు

ఇతరులను అడిగిన ప్రశ్న మనల్నీ అడుగుకోవాలి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి మన గర్వం. గరికపాటి రాజారావుగారి నాయకత్వం, సుంకర, వాసిరెడ్డి జంట వ్రాసిన "మా భూమి", నాజరుగారి బుర్రకథ తెలుగు పల్లెను మేల్కొలిపినవి. స్త్రీలను రంగం మీదికి తేవడంలో కూడా ప్రజానాట్యమండలి ఆ కాలానికి సాహసమే చేసింది. మోటూరు ఉదయంగారు స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపారు. కొండపల్లి కోటేశ్వరమ్మగారు పాడారు, నటించారు. మంచి కుటుంబాల ఆడవారు వేదిక ఎక్కడమేమిటని లోకం అన్న మాటలను వారు భరించారు.

అయినా రెండు సంగతులు దాచకూడదు. మనం జంగం కథను తీసుకొని రాజకీయ బుర్రకథగా మలచినప్పుడు మొదట నిలబెట్టినది ముగ్గురు మగవారిని. వంత పాడిన పాత ఇంటి ఆడవారు ఎక్కడికి పోయారని మనం అడగలేదు. రెండవది, ఉద్యమంలో పాడిన, తుపాకి పట్టిన స్త్రీలను 1951లో పోరాట విరమణ తర్వాత ఇళ్ళకు పొమ్మన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆ స్త్రీల మాటలు వున్నవి. 2012లో వచ్చిన కోటేశ్వరమ్మగారి "నిర్జన వారధి" చదివితే, వేదిక మీద వేలమందికి ధైర్యం చెప్పిన గొంతు తర్వాత ఎంత ఒంటరిగా బ్రతికిందో తెలుస్తుంది. ఈ పుస్తకాలు వచ్చినప్పుడు మనలో కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసినది వాటిని వ్రాసినందుకు కాదు, అంతకుముందు మనం అడగనందుకు.

కామత్, సోనేజీ వంటి పరిశోధకుల కృషిని నేను ఇందుకే ఆహ్వానిస్తున్నాను. అయితే మనం చేయవలసిన పని ఇంకా మిగిలివుంది. చిందు మేళంలో ఆడినదానికి ధాన్యం ఎంత వచ్చేది, అందులో ఆడమనిషి చేతికి ఎంత వచ్చేది? పద్యనాటకాల కంపెనీల్లో తర్వాత చేరిన నటీమణికి రాత్రికి ఎంత ముట్టేది, ప్రధాన పాత్రధారికి ఎంత ముట్టేది? ఆమె పిల్లలు ఏ బడిలో చదివారు? అంకితం, అభినయం గూర్చి ఎంత వ్రాసినా, కూలి గూర్చి వ్రాయకపోతే ఆ చరిత్ర సగమే. ఆ లెక్కలు పుస్తకాల్లో లేవు. బ్రతికివున్న వృద్ధుల జ్ఞాపకంలో వున్నవి. అవి ఎంతోకాలం వుండవు.

నేను పాఠంలో నా పాత వాక్యం మార్చుకున్నాను. ఇప్పుడు ఇలా చెబుతున్నాను: "తెలుగు నాట స్త్రీలు ఎప్పుడూ ఆడారు. పంతొమ్మిదో శతాబ్దం చివర తయారయిన పట్టణ రంగస్థలం వారిని రానివ్వలేదు. వారి స్థానంలో పురుషులు స్త్రీ వేషాలు ధరించారు." వాక్యం కొంచెం పొడుగయింది. విద్యార్థులు తలవూపడం మానేసి, ఎందుకు రానివ్వలేదని అడుగుతున్నారు.

ఆ నిజామాబాదు అమ్మాయిని సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మమ్మ కట్టిన వేషాల పట్టిక వ్రాసుకొని రమ్మన్నాను. రెండు ఠావుల కాగితం నింపుకొని వచ్చింది. చివరి పంక్తిలో, అమ్మమ్మ అడిగిన ప్రశ్న కూడా వ్రాసింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, ఇప్పుడెందుకు అడుగుతున్నారని.